మడవ మనది, తూము నీరటిది

స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం

  

సంఘం వాళ్లు నాకు 20 నిమిషాలు ఇచ్చారు. "నువ్వు చేసే పని ఏందో పిల్లలకు అర్థమయ్యేటట్టు చెప్పు, పెద్దలకు విసుగు రాకుండా చెప్పు" అన్నారు. రెండోది కొంచెం కష్టం. అయినా ప్రయత్నిస్తాను.

మా వృత్తిలో ఉన్నవాళ్లను ఏం చేస్తావని అడిగితే "సాఫ్ట్‌వేర్" అని ఒక్క మాటలో తేల్చేస్తాం. ఆ మాట విన్నవాళ్లకు జీతం ఎంతో అడగాలనిపిస్తుంది గాని పని ఏమిటో మాత్రం తెలియదు. వడ్రంగి పని అంటే బాడిశె, రంపం, చిత్రిక కళ్ల ముందుకు వస్తాయి. మా పనిముట్లు ఎవరికీ కనిపించవు. అందుకని ఈరోజు మొత్తం సాఫ్ట్‌వేర్ జోలికి పోను. నేను ఏళ్ల తరబడి వాడిన ఒక పనిముట్టు గురించి, అందులోనూ ప్రోగ్రాం మొదట్లో రాసే ఒక్క వరుస గురించి చెబుతాను. ఆ వరుస దగ్గర మొదలైన సంగతి వల్ల ఒక రాత్రి చాలామంది జీతాలు ఎట్లా ఆగిపోయాయో కూడా చెబుతాను.

ముందు రెండు మాటలకు అర్థం చెప్పుకుందాం. మీలో చాలామంది భూమి పని మీద చేవెళ్లలోనో మొయినాబాద్‌లోనో తహసీల్ ఆఫీసుకు పోయినవాళ్లే. 2020 అక్టోబర్ 29న ధరణి మొదలైనప్పుడైనా, 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చాకైనా, మనం చూసేది ఒకటే. ఆపరేటర్ సర్వే నంబరు కొడతాడు, తెర మీద పట్టాదారు పేరు, విస్తీర్ణం కనిపిస్తాయి. ఆ వివరాలు ఆ బల్ల మీది కంప్యూటర్‌లో ఉండవు. దూరంగా ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటర్‌లో ఉంటాయి. వివరాలను అట్లా వరసగా దాచిపెట్టేది డేటాబేస్. దాన్ని కాపాడుతూ అడిగినవాళ్లకు జవాబిచ్చేది సర్వర్. అడిగేది క్లయింట్. మన పాత రోజుల్లో పటేల్, పట్వారీ దగ్గరికి పోయి పహాణీ నకలు అడిగినట్టే. అడిగేవాడు ఒక దిక్కు, దస్తరం ఇంకో దిక్కు.

క్లయింట్ సర్వర్‌తో ఎట్లా మాట్లాడాలి? దానికి ఒక పద్ధతి ఉంటుంది. ఏ మాట ముందు, ఏ మాట వెనక, జవాబు ఏ రూపంలో వస్తుంది, మధ్యలో తీగ తెగితే ఏం చేయాలి, ఇవన్నీ ప్రతి ప్రోగ్రామర్ మొదటి నుంచి రాసుకోలేడు. అందుకని డేటాబేస్ తయారుచేసిన కంపెనీయే ఆ పనులన్నీ రాసి ఒక కట్టగా ఇస్తుంది. దాన్ని లైబ్రరీ అంటాం. బీరువాలో పుస్తకాలు ఉన్నట్టు అందులో పనులు ఉంటాయి. పేరు పెట్టి పిలిస్తే ఆ పని చేసిపెడుతుంది.

నేను చెప్పబోయే లైబ్రరీ సైబేస్ అనే కంపెనీది. 1984లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, బర్కిలీలో ఆ కంపెనీ పుట్టింది. 1980ల చివర్లో మైక్రోసాఫ్ట్‌తో చేతులు కలిపి ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే డేటాబేస్‌ను నడిపించారు. తర్వాత కొన్నేళ్లకు ఎవరి దారి వాళ్లు చూసుకున్నారు. అందుకే ఈనాటికీ రెండు కంపెనీల డేటాబేస్‌లు మాట్లాడే భాష మూలం ఒకటే. దాన్ని టీడీఎస్ అంటారు. న్యూయార్క్‌లోని పెద్ద పెద్ద బ్యాంకులు, షేర్ల వ్యాపారం చేసే సంస్థలు 1990లలో సైబేస్‌నే ఎక్కువగా వాడేవి. 2010లో ఎస్ఏపీ అనే జర్మన్ కంపెనీ సైబేస్‌ను కొనేసింది.

మన తెలుగువాళ్లకు ఈ పేరు కొత్తది కాదు. 1990ల నడుమ అమీర్‌పేటలో, మైత్రీవనం చుట్టుపక్కల గోడలన్నీ కోర్సుల బోర్డులే. ఒరాకిల్, సైబేస్, పవర్‌బిల్డర్, విజువల్ బేసిక్. మన దిక్కు పిల్లలు పొద్దున బస్సెక్కి మెహదీపట్నంలో దిగి, అక్కణ్నుంచి ఇంకో బస్సు పట్టుకొని పోయి నేర్చుకునేవాళ్లు. 2000 సంవత్సరం వస్తే కంప్యూటర్ల తేదీలు తారుమారవుతాయన్న భయంతో అమెరికా కంపెనీలు మనుషుల కోసం వెతుకుతున్న కాలం అది. అట్లా పోయినవాళ్లలో చాలామంది ఆ బ్యాంకుల పాత ప్రోగ్రాంలు బాగుచేసే పనిలో చేరారు. నేనూ అందులో ఒకణ్ని.

ఇక అసలు సంగతికి వస్తాను. సైబేస్ మొదట ఇచ్చిన లైబ్రరీ పేరు డీబీ లైబ్రరీ. దాని తర్వాత వచ్చింది క్లయింట్ లైబ్రరీ. మేము సీటీ లిబ్ అనేవాళ్లం. పాత దాంట్లో తప్పు జరిగితే చూసుకునే ఏర్పాటు ప్రోగ్రాం మొత్తానికి ఒక్కటే ఉండేది. కొత్త దాంట్లో ఒక క్రమం పెట్టారు. ఆ క్రమంలో మూడు మెట్లున్నాయి. మొదటిది కాంటెక్స్ట్. దాని కింద కనెక్షన్. దాని కింద కమాండ్.

ఈ మూడూ చెప్పడానికి నాకు మన ఊరి చెరువు కన్నా మంచి పోలిక దొరకలేదు. చెరువు కట్టకు తూము ఉంటుంది. తూము నుంచి కాలువలు పోతాయి. కాలువ నుంచి మడులకు నీళ్లు పారుతాయి. తూము తెరిస్తేనే కాలువ, కాలువ పారితేనే మడి. కాంటెక్స్ట్ అంటే తూము. కనెక్షన్ అంటే సర్వర్ దాకా తవ్విన కాలువ. కమాండ్ అంటే ఆ కాలువ మీద మనం పారించుకునే ఒక్కొక్క తడి. ఒక తూము కింద ఎన్నో కాలువలు ఉండవచ్చు. ఒక కాలువ కింద ఎన్నో తడులు ఉండవచ్చు. తూము లేకుండా కాలువ మాత్రం ఉండదు.

కంప్యూటర్ లోపల చూస్తే కాంటెక్స్ట్ అంటే జ్ఞాపకంలో కొంత చోటు. ప్రోగ్రాం మొదలవగానే లైబ్రరీని అడిగి ఆ చోటు పుట్టించుకోవాలి. ఆ వరుస పేరు సీఎస్ సీటీఎక్స్ అలాక్. తర్వాత సీటీ ఇనిట్ అని ఇంకో పిలుపు. అది లైబ్రరీని పనికి సిద్ధం చేస్తుంది. ఈ రెండూ అయ్యాకే కనెక్షన్ సంగతి.

ఆ చోట్లో ఏముంటాయి? ప్రోగ్రాం అంతటికీ వర్తించే కట్టుబాట్లు ఉంటాయి. సందేశాలు ఏ భాషలో రావాలి, అక్షరాలు ఏ లిపి పట్టికలో ఉండాలి, తేదీని అక్షరాల్లోకి మార్చేటప్పుడు ఏ వరసలో రాయాలి. సర్వర్‌లోకి అడుగుపెట్టడానికి ఎంతసేపు చూడాలి. ఏమీ చెప్పకపోతే 60 సెకన్లు చూస్తుంది. జవాబు కోసం ఎంతసేపు ఆగాలి. ఏమీ చెప్పకపోతే ఎంతసేపైనా ఆగుతుంది. ఒకేసారి ఎన్ని కనెక్షన్లు తెరవవచ్చు. మేము పనిచేసిన యంత్రాల మీద మామూలుగా 25. తప్పు జరిగితే ఎవరికి కబురు చేయాలి. అంటే ఆ కబురు అందుకునే మా ప్రోగ్రాం భాగం పేరు కూడా అందులోనే రాసిపెడతాం.

ఇక్కడ ఒక చిత్రమైన నియమం ఉంది. కనెక్షన్ పుట్టేటప్పుడు కాంటెక్స్ట్‌లో ఉన్న కట్టుబాట్లను తనలోకి రాసుకుంటుంది. మనకు ఇది అర్థం కావడం కష్టం కాదు. చేవెళ్ల, మొయినాబాద్ మండలాల మీద పడే వాననీళ్లు వాగులై పోయి 1920లో మూసీ మీద కట్టిన ఉస్మాన్‌సాగర్‌లో, అదే మన గండిపేటలో, 1927లో ఈసీ మీద కట్టిన హిమాయత్‌సాగర్‌లో కలుస్తాయి. అందుకే 1996 మార్చి 8న జీవో 111 వచ్చింది. 84 ఊళ్లకు కట్టుబాట్లు పెట్టింది. దాని మంచిచెడ్డలు ఈ సభలో మాట్లాడను. మనలో ఎవరి అభిప్రాయం వాళ్లకుంది. దాని వెనక ఉన్న ఆలోచన మాత్రం ఈ సభలో అందరికీ తెలుసు. కింద నగరం తాగే నీళ్లు ఎట్లా ఉంటాయన్నది పైన వాన పడే చోట తేలుతుంది. కాంటెక్స్ట్‌లో పెట్టిన కట్టుబాటు కూడా అట్లాగే కిందికి పారుతుంది.

ఒక తేడా ఉంది. వాగులో నీళ్లు రోజూ పారుతుంటాయి. కనెక్షన్ మాత్రం పుట్టినప్పుడు ఒక్కసారే రాసుకుంటుంది. అది పుట్టాక కాంటెక్స్ట్‌లో కబురు అందుకునేవాడి పేరు మార్చామనుకోండి, పాత కనెక్షన్‌కు ఆ మార్పు తెలియదు. అది పాత పేరుకే కబురు చేస్తుంది. అప్పటికి ఆ పేరు రాసి ఉండకపోతే ఎవరికీ చేయదు. కాబట్టి ఉమ్మడి కట్టుబాట్లన్నీ మొదటి కనెక్షన్ పుట్టకముందే తేల్చుకోవాలి. పంచాయితీ నాట్లకు ముందు పెట్టుకోవాలి గాని పొట్టకొచ్చాక కాదని మన తాతలు చెప్పింది ఇదే.

ఇంకో సంగతి. తప్పు జరిగితే కబురు అందుకునేవాడి పేరు కాంటెక్స్ట్‌లో రాస్తామని చెప్పాను కదా. మరి కాంటెక్స్ట్ పుట్టడమే కుదరకపోతే? అప్పటికి ఆ పేరు రాసే చోటే లేదు. అందుకని లైబ్రరీ ఏం చేస్తుందంటే, ప్రోగ్రాం నడుస్తున్న ఫోల్డర్‌లో సిబినిట్ డాట్ ఎర్ర్ అని ఒక చిన్న ఫైలు రాసిపెట్టి ఊరుకుంటుంది. కొత్తగా చేరిన పిల్లలు ప్రోగ్రాం నడవడం లేదని గంటలు గంటలు కొట్టుకునేవాళ్లు. పక్కన ఉన్న సీనియర్ వచ్చి ఆ ఫైలు తెరిచి చూపించేవాడు. చాలాసార్లు కారణం చిన్నదే. సైబేస్ ఎక్కడ పెట్టారో యంత్రానికి చెప్పలేదు, లేదా భాషల పట్టిక ఉన్న ఫైలు దొరకలేదు. ఇల్లు కట్టకముందు జరిగిన తప్పు ఇంట్లో కనిపించదు, ఇంటి బయట వెతకాలి. పిల్లలూ, మీరు ఏ పని నేర్చుకున్నా ఇది గుర్తుపెట్టుకోండి. మొదటి మెట్టు దగ్గర జరిగే తప్పుకు ఫిర్యాదు పెట్టె ఉండదు. చేసినవాడే వెనక్కి తిరిగి చూసుకోవాలి.

ఇప్పుడు నా ప్రసంగంలోని ముడి దగ్గరికి వచ్చాను. కాంటెక్స్ట్ పుట్టించడానికి ఆ లైబ్రరీలో రెండు పిలుపులున్నాయి. మొదటిది ఇందాక చెప్పిన సీఎస్ సీటీఎక్స్ అలాక్. దాన్ని పిలిచిన ప్రతిసారీ కొత్త కాంటెక్స్ట్ పుడుతుంది. రెండోది సీఎస్ సీటీఎక్స్ గ్లోబల్. దాన్ని మొదటిసారి పిలిస్తే కాంటెక్స్ట్ పుడుతుంది. రెండోసారి, మూడోసారి, పదోసారి ఎవరు పిలిచినా కొత్తది పుట్టదు. అదే కాంటెక్స్ట్ చిరునామా చేతికిస్తుంది. అంటే ఊరికి ఒకటే తూము.

ఇది ఎవరికి అవసరం? ఒకే ప్రోగ్రాంలో నాలుగు భాగాలు ఉండి, నాలుగింటినీ నాలుగు జట్లు వేరువేరుగా రాసినప్పుడు అవసరం. ఏ భాగం ముందు లేస్తుందో ఎవరూ చెప్పలేరు. అందుకని ప్రతి భాగమూ తనంతట తాను కాంటెక్స్ట్ అడుగుతుంది. ముందు లేచినవాడికి కొత్తది దొరుకుతుంది, వెనక లేచినవాళ్లకు ఉన్నదే దొరుకుతుంది. సీటీ ఇనిట్ కూడా అంతే. ఎన్నిసార్లు పిలిచినా తప్పు కాదు. మొదటి పిలుపే పనిచేస్తుంది, మిగతావి ఊరికే తలూపి పోతాయి. ఈ లైబ్రరీ రాసినవాళ్లు తెరవడం గురించి ఎంత శ్రద్ధగా ఆలోచించారో చూడండి.

మరి మూయడం? దానికి సీటీ ఎగ్జిట్ అని ఒక పిలుపు. ఆ తర్వాత సీఎస్ సీటీఎక్స్ డ్రాప్ అని ఇంకొకటి. మొదటిది కనెక్షన్లన్నీ మూస్తుంది. రెండోది జ్ఞాపకంలోని చోటు తిరిగి ఇచ్చేస్తుంది. సీటీ ఎగ్జిట్‌ను రెండు రకాలుగా పిలవవచ్చు. మెల్లగా పిలిస్తే, ఏదైనా కనెక్షన్ మీద ఇంకా జవాబు రావలసి ఉంటే "ఇప్పుడు కుదరదు" అని వెనక్కి వస్తుంది. గట్టిగా పిలిస్తే, ఎవరు ఏ పనిలో ఉన్నా చూడదు. ఆ కాంటెక్స్ట్ కింద ఉన్న కనెక్షన్లన్నీ మూసేస్తుంది.

ఇక్కడే తిరకాసు. తెరవమని పదిమంది అడిగితే మొదటివాడు అడిగినప్పుడు తెరుచుకుంటుంది. ధర్మంగా అయితే మూయమని పదిమంది అడిగితే పదోవాడు అడిగినప్పుడు మూసుకోవాలి. కాని అది కూడా మొదటివాడు అడిగినప్పుడే మూసుకుంటుంది. ఎంతమంది వాడుకుంటున్నారన్న లెక్క అది పెట్టుకోదు.

దీనివల్ల జరిగిన ఒక రాత్రి సంగతి చెబుతాను. నేను అప్పుడు విదేశంలో ఒక సంస్థలో పనిచేస్తున్నాను. పేరు మనకు అక్కరలేదు. వేరే కంపెనీల తరఫున వాళ్ల పనివాళ్లకు జీతాలు బ్యాంకులకు పంపడం ఆ సంస్థ పని. వారం వారం జీతాలు. అందుకునేవాళ్లలో ఎక్కువమంది డ్రైవర్లు, ఆస్పత్రుల్లో ఊడ్చేవాళ్లు, వంటపనివాళ్లు. శుక్రవారం పొద్దున డబ్బు పడకపోతే శనివారం ఇంటి అద్దె కట్టలేనివాళ్లు. మా జట్టులో సగం తెలుగువాళ్లమే.

రాత్రి నడిచే ప్రోగ్రాంలో మూడు భాగాలుండేవి. ఒకటి ఖాతాలు చదివి లెక్క కట్టేది. రెండోది చెల్లింపులు రాసేది. మూడోది కాగితం మీద నివేదికలు తీసేది. ఈ మూడోది బయటి నుంచి తెచ్చుకున్న భాగం. ఒకప్పుడు అది ఒంటరిగా నడిచే ప్రోగ్రాం. ఒంటరి ప్రోగ్రాం చివర్లో ఏం చేస్తుంది? తన ఇంటికి తాళం వేసి పోతుంది. కాబట్టి దాని చివరి వరుస, గట్టిగా పిలిచిన సీటీ ఎగ్జిట్. ఒంటరిగా ఉన్నప్పుడు అది మంచి అలవాటే.

మూడు భాగాలనూ ఒకే ప్రోగ్రాంగా కలిపినప్పుడు, మూడింటికీ వేరువేరు కాంటెక్స్ట్‌లు ఉంటే తేదీలు ఒకచోట ఒక రకంగా, ఇంకోచోట ఇంకో రకంగా వస్తున్నాయని అందరికీ ఒకటే ఉమ్మడి కాంటెక్స్ట్ చేశారు. చేసినవాళ్లు తెలివైనవాళ్లు. పరీక్షించి చూశారు, బాగానే నడిచింది. నెలల తరబడి నడిచింది. ఎందుకంటే నివేదికల పని ఎప్పుడూ అందరికన్నా చివర ముగిసేది. చివర పోయేవాడు దీపం ఆర్పితే ఎవరికీ ఇబ్బంది లేదు.

ఒక గురువారం రాత్రి, మరునాడు పండుగ సెలవు కాబట్టి నివేదికలు చాలా తక్కువ. ఆ భాగం ముందే పని ముగించింది. ఎప్పటిలాగే చివరి వరుస నడిపింది. చెల్లింపులు రాస్తున్న భాగం నడుమలో ఉంది. దాని కనెక్షన్ కూడా ఆ ఉమ్మడి కాంటెక్స్ట్ కిందిదే. ఒక్కసారిగా మూసుకుంది. తన మడి తడిసిందని ఒక రైతు తూము మూసి ఇంటికి పోయి పడుకుంటే కింది ఆయకట్టు గతి ఏమిటో మీకు నేను చెప్పనక్కరలేదు.

డేటాబేస్ తన ధర్మం తప్పలేదు. చెల్లింపులను 500 చొప్పున కట్టలు కట్టి రాసేవాళ్లం. పూర్తయిన కట్టలు నిలిచాయి. నడుమలో ఉన్న కట్టను, కనెక్షన్ తెగిందని తెలియగానే సర్వరే వెనక్కి తీసేసింది. సగం రాసిన లెక్క ఒక్కటి కూడా మిగలలేదు. అది లేకుంటే ఎవరికి రెండుసార్లు పడేదో, ఎవరికి సగం పడేదో. కాని ఆ తర్వాత ఉన్న కట్టలన్నీ ఆగిపోయాయి. రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్లకు కనిపించింది "కనెక్షన్ పోయింది" అన్న ఒక్క ముక్క. తీగ తెగిందేమోనని నెట్‌వర్క్ వాళ్లను లేపారు. సర్వర్ పడిపోయిందేమోనని డేటాబేస్ వాళ్లను లేపారు. రెండూ బాగానే ఉన్నాయి. బ్యాంకుకు ఫైలు పంపే గడువు దగ్గరపడుతోంది. ఏ కట్ట దాకా అయిందో పట్టికలో చూసి, అక్కణ్నుంచి మళ్లీ నడపాలని మా జట్టులో ఒక అమ్మాయి పట్టుబట్టి చెప్పింది. మొదటి నుంచి నడిపితే కొందరికి రెండేసి జీతాలు పడతాయని ఆమె భయం. ఆమె మాటే సాగింది. గడువులోపు చాలా కట్టలు పోయాయి. కొన్ని పోలేదు. ఆ కొన్నింట్లో ఉన్నవాళ్లకు సెలవు దాటి సోమవారం దాకా డబ్బు పడలేదు. వాళ్లు ఫోన్లు చేశారు. ఆ ఫోన్లు ఎత్తినవాళ్లు మాకు చెప్పిన మాటలు ఇక్కడ చెప్పను. ఒక కంప్యూటర్ ప్రోగ్రాంలో ఒక వరుస అంటే ఏమిటో ఆ వారం మా అందరికీ తెలిసింది.

తప్పు ఎవరిదని పెద్దలు కూర్చున్నారు. నివేదికల భాగం తనంతట తాను చూస్తే సరిగానే ఉంది. చెల్లింపుల భాగమూ సరిగానే ఉంది. ఉమ్మడి చేసిన ఆలోచనా సరైనదే. ఎవరూ రాసిపెట్టుకోనిది ఒకటే, ఈ ఉమ్మడి దాన్ని మూసే హక్కు ఎవరిది అన్నది. ఆ తర్వాత మూడు నియమాలు పెట్టారు. ఏ భాగమైనా కాంటెక్స్ట్ అడిగి తీసుకోవచ్చు. ప్రతి భాగమూ తాను తెరిచిన కనెక్షన్‌ను తానే మూయాలి. కాంటెక్స్ట్‌ను మాత్రం అందరినీ నడిపించే ప్రధాన భాగం ఒక్కటే, అందరూ పని ముగించారని లెక్క చూసుకొని మూయాలి. గట్టిగా పిలిచే పద్ధతి మానేసి మెల్లగా పిలిచే పద్ధతి పెట్టారు. మెల్లగా పిలిచినా, జవాబు రావలసి లేని క్షణంలో పిలిస్తే పక్కవాడి కనెక్షన్ మూసుకుపోతుంది. కాబట్టి మూడో నియమం లేకుండా ఇది ఒక్కటే చాలదు.

ఆ మాటలు వింటుంటే నాకు ఇవి కొత్త అనిపించలేదు. మన పల్లెల్లో ఇప్పుడు బోర్ల కింద టమాట, క్యారెట్, పూలు పండిస్తున్నారు గాని, చెరువు కింద సేద్యం చూసిన పెద్దలు ఈ సభలో ఉన్నారు. నా మడికి మడవ నేను తిప్పుకోవచ్చు, నా తడి కాగానే నా మడవ నేనే కట్టాలి. తూము మీద చెయ్యి వేసే హక్కు మాత్రం ఎంత పెద్ద రైతుకైనా లేదు. అది నీరటిది. కింది చివరి మడి తడిసిందో లేదో నడిచిపోయి చూసి వచ్చాకే నీరటి తూము మూసేవాడు. దానికి అతనికి పంట మీద ఇంత గింజ అని వాటా ఉండేది. లైబ్రరీ రాసినవాళ్లు తూము పెట్టారు, నీరటిని పెట్టలేదు. నీరటిని మనమే పెట్టుకోవాలి.

ఉమ్మడి అన్నది ఎప్పుడూ మేలేనని నేను అనడం లేదు. ఒక తూము కింద అందరూ ఉంటే 25 కనెక్షన్ల పరిమితి కూడా అందరికీ కలిపే. ఒకడు 20 తెరుచుకుంటే మిగతావాళ్లు కొట్టుకోవాలి. ఆ పరిమితి పెంచుకోవచ్చు, కాని పెంచాలని ముందే ఎవరో ఒకరు లెక్క వేయాలి. ఒక భాగానికి జవాబు కోసం ఐదు సెకన్లకు మించి ఆగడం కుదరదు, ఇంకో భాగానికి ఐదు నిమిషాలైనా ఫరవాలేదు అంటే, వాళ్లకు వేరువేరు కాంటెక్స్ట్‌లే నయం. కట్టుబాట్లు ఒకటైతే ఉమ్మడి, వేరైతే వేరు. అన్నదమ్ముల సంసారానికి ఏది వర్తిస్తుందో దీనికీ అదే.

ఇది సైబేస్ ఒక్కదాని సంగతి కూడా కాదు. ఓడీబీసీలో ఇదే తూముకు ఎన్విరాన్‌మెంట్ అని పేరు. దాని కింద కనెక్షన్, దాని కింద స్టేట్‌మెంట్. ఒరాకిల్ లైబ్రరీలోనూ ముందు ఎన్విరాన్‌మెంట్ పుట్టాలి. మైఎస్‌క్యూఎల్‌లో లైబ్రరీని సిద్ధం చేసే పిలుపును, ప్రోగ్రాం పాయలు పాయలుగా చీలకముందే ఒక్కసారి పిలవమని రాసి ఉంటుంది. పేర్లు మారుతాయి. ఎవరు తెరిచారు, ఎవరు వాడుతున్నారు, ఎవరు మూస్తారు అన్న మూడు ప్రశ్నలు మారవు.

కంప్యూటర్ చదవాలనుకునే పిల్లలకు ఒక్క మాట. ఫ్రీటీడీఎస్ అని ఉచితంగా దొరికే లైబ్రరీ ఉంది. సైబేస్‌తో, మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌తో మాట్లాడుతుంది. దాని లోపలి రాత అంతా ఎవరైనా చదువుకోవచ్చు. నేను ఇంతసేపు చెప్పిన ఉమ్మడి కాంటెక్స్ట్ పిలుపు అందులో పది పదిహేను వరుసలకు మించదు. ఇంతకుముందు పుట్టిందా అని చూడు, పుట్టి ఉంటే అదే ఇవ్వు, లేకుంటే పుట్టించి గుర్తుపెట్టుకో. అంతే. సీ భాష రెండు నెలలు నేర్చుకున్న పిల్లవాడికి అర్థమవుతుంది. చదివాక, మూసేవాళ్ల లెక్క పెట్టుకునేటట్టు దాన్ని మార్చి రాయడానికి ప్రయత్నించండి. కోర్సు ఫీజు కట్టకుండా దొరికే మంచి పాఠం అది.

గురువులకు ఒక విన్నపం. కంప్యూటర్ పీరియడ్‌లో తెర మీద బొమ్మలు గీయించడంతో పాటు, ఒక ఉమ్మడి వస్తువును నలుగురు పిల్లలకు అప్పగించండి. క్రికెట్ కిట్టో, ప్రయోగశాల బీరువా తాళమో ఏదైనా సరే. ఎవరు తెరవాలి, ఎవరు మూయాలి, నడుమలో పోయేవాడు ఏం చేయాలి అన్న నియమాలు వాళ్లనే రాయమనండి. వారం తర్వాత ఆ కాగితం ముందు పెట్టుకొని ఎక్కడ తప్పిందో మాట్లాడించండి. మా వృత్తిలో పదేళ్ల అనుభవం ఉన్నవాళ్లు కూడా తడబడేది అక్కడే.

సంఘం మిత్రులకూ చిన్న మాట. ఈ సభలో పాఠశాలకు కంప్యూటర్ గది కోసం ఉమ్మడి నిధి పెడదామని తీర్మానం చేయబోతున్నారని విన్నాను. చాలా సంతోషం. నా వంతు నేను రాసి ఇచ్చాను. డబ్బు చేరకముందే, ఈ నెలలోనే, ఆ నిధికి నీరటి ఎవరో కాగితం మీద రాసుకోండి. ఎవరు తీయవచ్చు, ఎవరి సంతకం ఉండాలి, సంఘం బాధ్యులు మారితే చేతులు ఎట్లా మారాలి, అన్నీ. ఎవరి మీదా అనుమానంతో చెప్పడం లేదు. ఆ జీతాల ప్రోగ్రాం రాసినవాళ్లందరూ మంచివాళ్లే.

 ప్రశ్నలుంటే భోజనాల దగ్గర అడగండి.